పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాత్రి తలుపు వేయని రేడియో మనిషి

పోయిన సంచికలో ఒక పాఠకుడు "మీకు అమెరికా ఇంగ్లీషు వినడం ఎలా అలవాటైంది?" అని అడిగితే, టెన్నెసీలో ఉన్న రోజుల్లో రాల్ఫ్ ఎమరీ అనే కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లెల్లోంచి వచ్చిన సంగీతం) అనౌన్సర్ మాటలు వింటూ నేర్చుకున్నానని ఒక్క వాక్యం రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను, సంపాదకులు ఒప్పుకున్నారు.

ప్రశ్న: అమ్మా, నేను టెన్నెసీలోని మర్‌ఫ్రీస్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో సెక్యూరిటీ చూసే పెద్దాయనకి డెబ్భై దాటాయి. మీ జవాబు చదివాక ఆ పేరు చెప్పి ఆయన్ని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న ట్రక్కులో రాత్రంతా ఆ గొంతే వినపడేది" అన్నారు. అసలు ఎవరీయన?
— ఒక పాఠకుడు, మర్‌ఫ్రీస్‌బరో

జవాబు: బాబూ, ముందు ఆ పెద్దాయనతో వీలు చేసుకుని ఇంకాస్త సేపు కూర్చోండి. వాళ్ళ నాన్నగారి సంగతులు అడగండి. నేను చెప్పేదానికన్నా అక్కడే మీకు ఎక్కువ దొరుకుతుంది.

రాల్ఫ్ ఎమరీ 1933 మార్చి 10న మెక్యూవెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. టెన్నెసీలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరానికి పడమరగా వెళ్తే వస్తుంది. తండ్రి తాగుబోతు, తల్లి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు, అందుకని పిల్లవాడు చాలాకాలం అమ్మమ్మా తాతయ్యల పొలంలో పెరిగాడు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేని పిల్లవాడికి రేడియోనే ఇల్లయింది. పెద్దయ్యాక అదే పెట్టెలోంచి తను మాట్లాడాలనుకున్నాడు. సినిమా హాల్లో టికెట్ చూసి సీటు చూపించే పని, కిరాణా స్టోర్లో సరుకులు సర్దే పని చేసుకుంటూ నాష్‌విల్‌లో అనౌన్సర్ల శిక్షణ స్కూల్లో చదివాడు. అక్కడ పాఠం చెప్పినాయన జాన్ రిచ్‌బర్గ్, అప్పట్లో రిథమ్ అండ్ బ్లూస్ అనే నల్లజాతివాళ్ళ పాటలు వేసి పేరు తెచ్చుకున్న రేడియో మనిషి. మొదటి ఉద్యోగం టెన్నెసీలోనే ప్యారిస్ అనే ఊళ్ళో. ఆ తర్వాత ఒక్కో స్టేషన్లో కొన్నాళ్ళు, కొన్ని చోట్ల బాగా కుదిరింది, కొన్ని చోట్ల కుదరలేదు.

1957లో 24 ఏళ్ళ వయసులో నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్‌ఎం స్టేషన్లో రాత్రి డ్యూటీ దొరికింది. రాత్రి డ్యూటీ అంటే ఎవరికీ ఇష్టం లేని డ్యూటీ. ఊరంతా పడుకున్నాక మైకు ముందు ఒక్కడే కూర్చోవాలి, ఉదయం అందరూ లేచే వేళకి ఇంటికి పోయి పడుకోవాలి. దాన్ని ఆయన 1972 దాకా, పదిహేనేళ్ళు వదల్లేదు. కార్యక్రమం పేరు ఓప్రీ స్టార్ స్పాట్‌లైట్. మీ పెద్దాయన వాళ్ళ నాన్నగారు విన్నది అదే.

తర్వాత టీవీలోకి వెళ్ళాడు. నాష్‌విల్‌లో తెల్లవారుజామున వచ్చే షో చేశాడు, 1974 నుంచి 1980 దాకా దేశమంతా వచ్చిన ఇంకో షో చేశాడు. 1983 మార్చి 7న కంట్రీ సంగీతం కోసం ఒక కేబుల్ చానల్ మొదలైతే, అందులో నాష్‌విల్ నౌ అనే కార్యక్రమం వారంలో ఐదు రాత్రులు గంటన్నర సేపు ప్రత్యక్ష ప్రసారంగా 1993 దాకా నడిపాడు. అమెరికా టీవీలో రాత్రి షోకి పేరుపడ్డ జానీ కార్సన్ తెలిసినవాళ్ళు ఈయన్ని కంట్రీ సంగీతానికి జానీ కార్సన్ అనేవాళ్ళు. 2007లో ఆ సంగీతంలో గొప్పవాళ్ళకి ఇచ్చే గౌరవం, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2022 జనవరి 15న నాష్‌విల్‌లోనే పోయాడు. 88 ఏళ్ళు.

ఇదంతా ఎక్కడైనా దొరికే వివరమే. మీ పెద్దాయన ఎందుకు మాట్లాడలేకపోయారన్నది దీంట్లో లేదు, అది కింద చెప్తాను.

ప్రశ్న: నాష్‌విల్‌లో ఉన్న ఒక్క స్టేషన్ దేశంలో అంత దూరం ఎలా వినపడింది? ఇక్కడ మాకు పక్క జిల్లా ఎఫ్‌ఎం కూడా సరిగా రాదు.
— డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మీరు వినేది ఎఫ్‌ఎం. ఆ తరంగం దాదాపు తిన్నగా పోతుంది, నేల వంగిన చోట ఆగిపోతుంది. డబ్ల్యూఎస్‌ఎం మీడియం వేవ్, 650 కిలోహెర్ట్జ్. పగలు ఎండ వల్ల వాతావరణం పైభాగంలో ఒక పొర తయారై ఈ తరంగాలను మింగేస్తుంది, అందుకే పగటిపూట ఆ స్టేషన్ చుట్టుపక్కల జిల్లాలకే వినపడుతుంది. పొద్దు గూకాక ఆ పొర చెదిరిపోతుంది. దానికంటే పైన ఇంకో పొర ఉంటుంది, అది తరంగాన్ని అద్దంలా తిప్పి నేల మీదికి కొడుతుంది. అలా తరంగం ఎగిరెగిరి వందల మైళ్ళు పోతుంది.

దీనికి రెండు తోడయ్యాయి. ఒకటి, ఆ స్టేషన్ బలం 50,000 వాట్లు, అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్‌కి ఇచ్చే గరిష్ఠ పరిమితి అదే. రెండోది, రాత్రిపూట ఆ 650 మీద ఇంకెవరూ అడ్డురాకుండా ప్రభుత్వమే ఏర్పాటు చేసింది, అలాంటి వాటిని క్లియర్ చానల్ స్టేషన్లంటారు. నాష్‌విల్‌కి దక్షిణంగా బ్రెంట్‌వుడ్ దగ్గర 1932లో కట్టిన వాళ్ళ టవర్ ఇప్పటికీ ఉంది. మధ్యలో లావుగా ఉండి పైకీ కిందకీ సన్నబడుతుంది, నేను మొదటిసారి హైవే మీంచి చూసినప్పుడు పొడవాటి గాలిపటాన్ని నిలబెట్టినట్టు అనిపించింది. మొదట 878 అడుగులు కట్టారు, తర్వాత 808కి తగ్గించారు.

ఆ స్టేషన్ పెట్టింది ఒక బీమా కంపెనీ, 1925లో. ఆ మూడు అక్షరాలు 'లక్షల మందికి మేం రక్ష' అనే అర్థం వచ్చే వాళ్ళ నినాదం లోంచి తీసుకున్నవి. ఊరూరా తిరిగే వాళ్ళ ఏజెంట్లకి ఆ పాటలే పరిచయం చేసిపెట్టేవి. ఏజెంటు తలుపు తట్టేసరికి ఇంట్లోవాళ్ళకి ఆ కంపెనీ పేరు అప్పటికే తెలుసు.

మా తరం వాళ్ళకి రాత్రి గాలి మీద దూరాన్నుంచి వచ్చే గొంతు కొత్త కాదు. మా ఇంట్లో సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు కోసం నాన్నగారు ముల్లు అటూ ఇటూ తిప్పేవారు. అది షార్ట్ వేవ్, లెక్క కొంచెం వేరు. మధ్యలో గొంతు పల్చబడి, సముద్రం హోరులాంటి చప్పుడు వచ్చి, మళ్ళీ దగ్గరికొచ్చేది. ట్రక్కులో విన్నవాళ్ళు కూడా ఇలాగే విని ఉంటారు.

ప్రశ్న: మేడమ్, తప్పుగా అనుకోకండి. నేనూ కొన్నాళ్ళు ఎఫ్‌ఎంలో పనిచేశాను. ఆయన పాటలు వేశాడు, గెస్టులతో మాట్లాడాడు. అది మా అందరి పనే కదా? యాభై ఏళ్ళ తర్వాత కూడా తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేంత ఏముంది అందులో?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పుగా ఎందుకు అనుకుంటాను తల్లీ, ఇంతమంది రాసినవాటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే.

మీరు పనిచేసిన చోట గెస్టు వస్తే ఎన్ని నిమిషాలిచ్చేవారు? ప్రశ్నలు ముందే రాసుండేవి కదా? ఎమరీకి ఇచ్చింది రాత్రి మొత్తం. స్టేషన్ యజమానులు నిద్రపోయే వేళ కాబట్టి తొందరపెట్టేవాళ్ళు లేరు. గ్రాండ్ ఓల్ ఓప్రీ అని ఆ స్టేషనే 1925 నుంచి నడుపుతున్న పాటల కార్యక్రమం ఉంది, ఇప్పటికీ నడుస్తోంది, ఆ రోజుల్లో అది రైమన్ ఆడిటోరియంలో జరిగేది. అక్కడ పాడినవాళ్ళు, ఊళ్ళ మీద కచేరీలు చేసుకుని బస్సుల్లో తిరిగొచ్చినవాళ్ళు, కొత్త రికార్డు చంకలో పెట్టుకుని ఎవరికి చూపించాలో తెలియనివాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు, అందరూ ఆయన స్టూడియోకి వచ్చేవాళ్ళు. ముందుగా పిలిచి టైం ఇచ్చి రప్పించిన గెస్టులు కారు వీళ్ళలో చాలామంది. తలుపు తెరిచి ఉందని వచ్చినవాళ్ళు.

మార్టీ రాబిన్స్ సంగతి చెప్తాను. ఆయన పెద్ద గాయకుడు, పైగా కారు పందేల పిచ్చి. శనివారం రాత్రి నాష్‌విల్‌లో పందెంలో కారు నడిపి, ఆ తర్వాత ఓప్రీకి వచ్చి పాడటానికి వీలుగా అన్నిటికంటే ఆఖరి సమయం అడిగి తీసుకున్నాడు. ఆయన ఎమరీ స్టూడియోకి వచ్చి పియానో ముందు కూర్చుంటే ఇక ఆ రాత్రి ఎలా సాగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక పాట మొదలెట్టి మధ్యలో ఆపి ఏదో గుర్తుచేసుకుని, మళ్ళీ ఇంకో పాట. ఎమరీ అడ్డు పడేవాడు కాదు. వేదిక మీద మెరిసే బట్టలేసుకుని పాడే మనిషిని, అలసిపోయి చొక్కా గుండీ విప్పుకుని కూర్చున్నప్పుడు వినడమన్నమాట అది. ఏ ఐయోవా రాష్ట్రంలోనో చీకట్లో ట్రక్కు తోలుతున్న మనిషికి తన పక్క సీట్లోనే వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. మర్‌ఫ్రీస్‌బరో పెద్దాయన నాన్నగారి ట్రక్కులో వినపడింది ఇదే అని నా నమ్మకం. నేను ఆ రేడియో రాత్రులను ప్రత్యక్షంగా వినలేదు, నేను అమెరికా వచ్చేసరికి అవి అయిపోయి పదిహేనేళ్ళు. తర్వాత రికార్డింగులు విన్నాను.

1965లో టెక్స్ రిటర్ నాష్‌విల్‌కి వచ్చి స్థిరపడ్డాడు. సినిమాల్లో పాటలు పాడే కౌబాయ్‌గా దేశమంతా తెలిసినవాడు, అప్పటికే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాడు, ఎమరీ కన్నా దాదాపు ముప్పై ఏళ్ళు పెద్ద. ఆయన కూడా వచ్చి ఈ రాత్రి కార్యక్రమంలో ఎమరీ పక్కన రెండో అనౌన్సర్‌గా కూర్చున్నాడు. అంత పెద్దవాడు అర్ధరాత్రి డ్యూటీకి వచ్చి కూర్చున్నాడంటే ఆ గది ఎలాంటి గదో ఊహించుకోండి.

ఎమరీ అడిగే ప్రశ్నలు చిన్నవి. అడిగాక ఆగేవాడు. మీకు తెలిసే ఉంటుంది, రేడియోలో మూడు సెకన్లు నిశ్శబ్దం వస్తే మనకి గుండె ఆగినంత టెన్షన్, వెంటనే ఏదో ఒకటి మాట్లాడేస్తాం. ఆయన ఆ నిశ్శబ్దాన్ని ఎదుటివాళ్ళకి వదిలేసేవాడు. అప్పుడు వాళ్ళు అప్పటిదాకా చెప్పాలనుకోని మాట చెప్పేవాళ్ళు. నేను టీవీలో ఆరేళ్ళు గమనించింది ఇదే. చిన్నప్పుడు మాట్లాడేవాళ్ళు లేని ఇంట్లో పెరిగినవాడు కాబట్టి ఎదుటి మనిషి మాట విలువ తెలిసిందా అని నాకు చాలాసార్లు అనిపించింది. ఇది నా ఊహే, కానీ ఎందుకో బలంగా నమ్ముతాను.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. తెల్లవారుజాము టీవీ షోకి ఒక తల్లీకూతుళ్ళు వచ్చి పాడేవాళ్ళు. తల్లి నర్సు, ఇంట్లో తనే సబ్బులు చేసేది, అవి తెచ్చి ఎమరీకి ఇచ్చింది. ఆయనకి వీళ్ళ పేర్లు గుర్తుండక "సబ్బుల అక్కాచెల్లెళ్ళు" అని పిలిచేవాడు. వాళ్ళే ఆ తర్వాత ద జడ్స్ పేరుతో 1980ల్లో కంట్రీ సంగీతాన్ని ఏలిన జంట. ఎవరికీ పట్టని వేళలో పాడుకోవడానికి వాళ్ళకి ఒక చోటు దొరికింది. ఎమరీ పోయిన 2022లోనే ఏప్రిల్ 30న తల్లి నయోమీ కూడా పోయింది, మర్నాడు ఆ తల్లీకూతుళ్ళని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చాల్సి ఉంది. ఆ రెండు వార్తలూ ఒకే ఏడాది చదవాల్సి రావడం నాకు చాలా కష్టమనిపించింది.

ప్రశ్న: మీరు ఇంత అభిమానంగా రాస్తున్నారు గానీ, 1968లో ద బర్డ్స్ అనే రాక్ బృందం ఆయన షోకి వెళ్తే అవమానించి పంపాడని చదివాను. ఆయన మీద వాళ్ళు ఒక పాట కూడా కట్టారట. దీని గురించి ఏమంటారు?
— ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: నిజమే. దాచే ఉద్దేశం నాకు లేదు.

ద బర్డ్స్ వాళ్ళు అప్పటికే పేరున్న రాక్ బృందం. కంట్రీ సంగీతం మీద ఇష్టంతో నాష్‌విల్ వచ్చి రికార్డు చేసుకున్నారు. 1968 మార్చిలో ఓప్రీలో పాడారు. పొడుగు జుట్టు కుర్రాళ్ళు, ఆ సభకి అది మింగుడుపడలేదు. ఎమరీ షోకి వెళ్తే ఆయన ముందు వాళ్ళ రికార్డు వేయనన్నాడు, వేశాక తీసిపారేసినట్టు మాట్లాడాడు. ఆ బాధతో రోజర్ మగ్విన్, గ్రామ్ పార్సన్స్ కలిసి ఆయన్ని దెప్పుతూ పాట రాశారు.

అప్పటి కంట్రీవాళ్ళ భయం ఎక్కడిదో తెలిస్తే ఆ ప్రవర్తన కొంత అర్థమవుతుంది. 1950ల మధ్యలో రాక్ అండ్ రోల్ వచ్చాక ఊరూరా రేడియో స్టేషన్లు కంట్రీని వదిలేశాయి. 1961 నాటికి దేశం మొత్తం మీద రోజంతా కంట్రీ పాటలే వేసే స్టేషన్లు 81 మాత్రమే మిగిలాయి. కంట్రీవాళ్ళంతా సంఘం పెట్టుకుని, స్టేషన్ల చుట్టూ తిరిగి బతిమాలి, 1969కి దాన్ని 600 దాటించారు. ఆ మధ్యకాలంలో రాత్రిళ్ళు దేశమంతా వినపడే ఎమరీ గొంతు ఆ సంగీతానికి పెద్ద ఆధారం. తమ ఇంటిని ముంచినవాళ్ళే ఇప్పుడు పొడుగు జుట్టు వేసుకుని ఇంట్లోకి వస్తున్నారని అనిపించి ఉంటుంది.

అయినా ఆయన చేసింది తప్పే. ఎవరొచ్చినా కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి, వచ్చినవాళ్ళ జుట్టు చూసి ఆ రాత్రి వాళ్ళ మాట వినలేదు. ఆ కుర్రాళ్ళు ఎగతాళికి రాలేదు, ఆ పాటల మీద ప్రేమతో వచ్చారు. వాళ్ళు అప్పుడు చేసిన రికార్డునే ఇవాళ కంట్రీనీ రాక్‌నీ కలిపిన తొలి రికార్డుల్లో గొప్పదిగా చెప్తారు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ రాత్రి మాత్రం నేను వాళ్ళ పక్షమే. మనకి ఇష్టమైనవాళ్ళ తప్పు మనమే చెప్పాలి, లేకపోతే పక్కవాళ్ళు చెప్తే మనసు ఇంకా కష్టపెట్టుకుంటుంది.

ప్రశ్న: కంట్రీ మ్యూజిక్ అంటే మన జానపదం లాంటిదేనా అక్కా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పూర్తిగా కాదమ్మా. మన జానపదంలో చాలా పాటలకి రాసిందెవరో తెలియదు, నాట్లేసేటప్పుడు, దంచేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు జనం నోట పుట్టినవి. కంట్రీ సంగీతానికి వేళ్ళు అలాంటి చోటే ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ ఫిడేలు పాటలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో పుట్టిన బాంజో, చర్చి పాటలు, తర్వాత హవాయి నుంచి వచ్చిన స్టీల్ గిటార్, అన్నీ కలిశాయి. అయితే 1920ల్లో రికార్డు కంపెనీలు, రేడియోలు వచ్చాక అది రాసేవాళ్ళు, పాడేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఉన్న వ్యాపారం కూడా అయింది. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఒక కంపెనీ మనిషి యంత్రం పెట్టుకుని కూర్చుంటే కొండల్లోంచి వచ్చి పాడినవాళ్ళలో కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ ఉన్నారు. చాలామంది అక్కణ్ణుంచే లెక్క మొదలుపెడతారు.

మీకు నచ్చే మాట ఒకటి. మన దగ్గర పాటకి పోటీగా జవాబు పాట కట్టినట్టు వాళ్ళ దగ్గరా ఉంది. 1961లో విల్లీ నెల్సన్ రాసిన ఒక పాటని ఫారన్ యంగ్ పాడాడు. తోడు వదిలి వెళ్ళిపోతే ఒంటరిగా మిగిలిన మనిషి ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటాడు. పెద్ద హిట్టు. దానికి ఆ గోడల తరఫున జవాబు పాట వచ్చింది, పాడింది ఎవరో కాదు, రాల్ఫ్ ఎమరీనే. కంట్రీ పాటల పట్టికలో 4వ స్థానం దాకా పోయింది. ఆయన గాయకుడు కాడు, మళ్ళీ ఆ స్థాయి హిట్టు రాలేదు కూడా. గోడ తరఫున పాడటానికి రాత్రంతా జనం గోడు వినే అనౌన్సర్‌ని ఎంచుకోవడం నాకు భలే నచ్చుతుంది.

ప్రశ్న: ఆయన పాత కార్యక్రమాలు ఇప్పుడు వినొచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమండ్రి

జవాబు: కొన్ని వినొచ్చండి. నాష్‌విల్ నౌ ముక్కలు యూట్యూబ్‌లో చాలానే ఉన్నాయి. రేడియో కార్యక్రమాల రికార్డింగులు కూడా వెతికితే దొరుకుతాయి, చప్పుడు కొంచెం గరగరగా ఉంటుంది, ఓపిక పట్టండి. డబ్ల్యూఎస్‌ఎం ఇప్పటికీ 650 మీదే ఉంది, ఇంటర్నెట్‌లో రాజమండ్రి నుంచి కూడా వినొచ్చు. మీ పిల్లలెవరైనా అమెరికాలో ఉండి, మీరు అక్కడికి వెళ్తే నాష్‌విల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో ఆయన కంచు ఫలకం చూడండి.

ఎమరీ నచ్చితే గ్రాంట్ టర్నర్ గురించి కూడా చదవండి. 1944లో అదే స్టేషన్లో చేరి ఓప్రీకి అనౌన్సర్‌గా జీవితాంతం ఉన్నాడు. 1991 అక్టోబర్‌లో ఒక రాత్రి ఓప్రీలో పనిచేసి ఇంటికెళ్ళి, మర్నాడు పోయాడు. 79 ఏళ్ళు.

ప్రశ్న: మీకూ ఆయనకీ ఏమిటి సంబంధం? ఎప్పుడైనా కలిశారా? పోయిన సంచికలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు, మాకు మొత్తం కావాలి.
— నలుగురు పాఠకులు ఇంచుమించు ఇదే అడిగారు

జవాబు: సరే, చెప్తాను.

1987లో మా ఆయన రెసిడెన్సీ (డాక్టర్ల ఆసుపత్రి శిక్షణ) కోసం టెన్నెసీలో ఒక చిన్న ఊరికి వెళ్ళాం. నాది తెనాలి, ఎమ్మే ఇంగ్లీషు లిటరేచర్ చదివాను. షేక్‌స్పియర్ మీద వ్యాసం రాయగలను గానీ, సరుకుల కొట్లో అమ్మాయి "యాల్" అని ఏదో అంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రెండుసార్లు అడిగించుకుని, మూడోసారి సిగ్గుపడి తలూపేసి ఇంటికొచ్చేసేదాన్ని. మా ఆయనకి మూడు రోజులకోసారి రాత్రి డ్యూటీ. దగ్గర్లో తెలుగువాళ్ళు మరో కుటుంబమే ఉండేవాళ్ళు, వాళ్ళూ నలభై మైళ్ళ దూరం. ఇండియాకి ఫోన్ చేయాలంటే నిమిషానికి ఎంతో లెక్కచూసుకునే రోజులు.

ఆ రాత్రుల్లో భయంగా ఉంటే టీవీ పెట్టుకుని కూర్చునేదాన్ని. చానళ్ళు తిప్పుతుంటే ఒక పెద్దమనిషి కనపడ్డాడు. నెరిసిన జుట్టు, కోటు, లోతైన గొంతు. మాట నిదానంగా. ఆయన ప్రశ్న అడిగితే నాకు అర్థమైంది. నాకు మొదటిసారి టెన్నెసీ ఇంగ్లీషు అర్థమైంది ఆ రాత్రే. ప్రశ్న అర్థమయ్యింది కాబట్టి జవాబు ఎంత యాసలో ఉన్నా సగం ఊహించుకోగలిగేదాన్ని. అలా ఒక్కో రాత్రీ వింటూ, నాలుగైదు నెలలకి సరుకుల కొట్లో అమ్మాయితో వాళ్ళ అమ్మ ఆపరేషన్ గురించి మాట్లాడే దాకా వచ్చాను. ఆ అమ్మాయికి నాకు ఇంత మార్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఎమరీ గారికి అసలే తెలియదు.

1989 వేసవిలో మా అత్తగారు వచ్చి మూడు నెలలున్నారు. ఆవిడకి ఇంగ్లీషు బొత్తిగా రాదు. అయినా రాత్రి అన్నాలు తిన్నాక నాతోపాటు కూర్చుని చూసేవారు. ఆ షోలో షాట్‌గన్ రెడ్ అని ఎర్ర గడ్డం బొమ్మ ఒకటి ఉండేది, ఎమరీతో వాదులాడుతుండేది. దాన్ని చూసి ఆవిడ పగలబడి నవ్వేవారు, మాట అర్థంకాకుండానే. నేను వంటింట్లో ఉంటే "అమ్మాయ్, మీ రాల్ఫు వచ్చాడు, రా" అని హాల్లోంచి కేకేసేవారు.

ఒక శుక్రవారం మా ఆయనకి సెలవు దొరికితే నాష్‌విల్ తీసుకెళ్ళారు. ఓప్రీల్యాండ్ అని పెద్ద పార్కు ఉండేది, ఆ షో అందులోనే ఒక థియేటర్‌లో జరిగేది. వెనకెక్కడో సీట్లు దొరికాయి. మా అత్తగారు వెంకటగిరి చీర కట్టుకుని, పైన నా స్వెట్టర్ వేసుకుని కూర్చున్నారు, లోపల ఏసీ చలి. ఆయన్ని కలవలేదు, దగ్గరికి వెళ్ళే వీలూ లేదు. షో సగంలో ఉండగా అత్తగారు నా చెవిలో "ఈయన పాడడా?" అని అడిగారు. పాడడత్తయ్యా, పాడేవాళ్ళని మాట్లాడిస్తాడు అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "వాళ్ళు చెప్తుంటే ఎంత బాగా వింటున్నాడే" అన్నారు. భాష రాని మనిషికి ఆ వెనక వరసలోంచి కనపడింది అది.

తెనాలి తిరిగి వెళ్ళాక నెలకో ఉత్తరం రాసేవారు. పిల్లవాడి జలుబు, మా ఆయన బరువు, పొలం కౌలు, అన్నీ అయ్యాక చివర్న "మీ రాల్ఫు కులాసాయేనా" అని ఉండేది. నేనూ మర్చిపోకుండా జవాబు రాసేదాన్ని, నిన్న ఫలానా ఆయన వచ్చి పాడాడత్తయ్యా, బొమ్మ ఇలా అంది అని. 1993లో ఆయన ఆ షో మానేశాడని రాస్తే, "మరి రాత్రిళ్ళు నీకెలా గడుస్తోంది" అని మామూలుకన్నా ముందే ఉత్తరం వచ్చింది.

ఆ పార్కు 1997 చివర్లో మూసేశారు. అక్కడ ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. 2022 జనవరిలో ఆయన పోయిన వార్త ఫోన్లో చూసింది నేనొక్కదాన్నే, మా ఆయన అప్పటికి నిద్రపోయారు. అది మా అత్తగారికి చెప్పాల్సిన వార్త. ఆవిడ పోయి అప్పటికే పద్దెనిమిదేళ్ళు. పాత ట్రంకు పెట్టె తీసి ఆవిడ ఉత్తరాలు కొన్ని చదువుకుని పడుకున్నాను.